ఉద్దానపు దారిలో అప్పుల చరిత్ర

కోటబొమ్మాళి దాటి రైలు నౌపడకు చేరువగు వేళకు కుడిప్రక్కను ఉప్పుమళ్లు తెల్లగా మెరయుచు సముద్రమువైపు సాగిపోవును. ఎడమప్రక్కను టెక్కలి కొండలును, వాని వెనుక తూర్పు కనుమల నీలిరేఖయు, ఆ రేఖ కంతటికిని శిరస్సైన మహేంద్రగిరియు కానవచ్చును. ఆ కొండలకును ఈ కడలికిని నడుమ నున్న సన్నని నేలయే నేను చూడవచ్చిన నేల. దక్షిణమున టెక్కలి, నడుమ పలాస, ఉత్తరమున సోంపేట, ఇచ్ఛాపురము. వీనికి తూర్పున ఇసుకనేలపై కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలతో పరచుకొనిన ఉద్దానము. పూరీ జగన్నాథుని సేవించుకొనబోవు మన యాత్రికులు సాధారణముగా ఈ ప్రాంతమును నిద్రలో దాటిపోవుదురు. నేను ఇచ్చటనే దిగవలెనని బయలుదేరితిని.

కొంతకాలముగా అమెరికా దేశపు అంతర్యుద్ధ చరిత్రను చదువుచుంటిని. 1861 ఏప్రిల్ నెలలో సమ్టర్ కోటపై పేలిన ఫిరంగులతో మొదలై నాలుగేండ్లు సాగి, ఆరు లక్షలకు పైగా ప్రాణములను బలిగొనిన ఆ యుద్ధమునకు మూలకారణము బానిసత్వమే. సుంకముల తగవులును, రాష్ట్రముల హక్కులను గూర్చిన వాదములును లేకపోలేదు. కాని నలుబది లక్షల మంది మనుష్యులను సొత్తుగా లెక్కించు దక్షిణ రాష్ట్రములు, ఆ సొత్తును పడమటి క్రొత్త భూములకు తోలుకొనిపోవు హక్కు తమకు దక్కదేమోయను భయముతోనే, లింకను ఎన్నిక కాగానే సమాఖ్యను విడిచిపోయినవి. ఆ పుస్తకములు చదువుచున్నంతసేపును ఒక ప్రశ్న నన్ను వెన్నంటియుండెను: మన తెలుగునేలపై మనిషి మరొక మనిషికి కట్టుబడి యుండుటను గూర్చి ఎన్నడైన ఆయుధములు లేచినవా? లేచినచో ఎచ్చట, ఎట్లు ముగిసినది? మన దేశమున బానిసత్వము లేదని తృప్తిపడువారు 1843వ సంవత్సరపు అయిదవ చట్టమును మరచిపోవుదురు. బానిసపై యజమానికి గల హక్కును ఇకమీద ఏ న్యాయస్థానమును గుర్తింపరాదని కుంఫిణీ ప్రభుత్వము ఆనాడు శాసించినది, లేనిదానికి శాసనమెందులకు? అమెరికాలో విమోచన ప్రకటన వెలువడుటకు ఇరువది యేండ్లు ముందే మన బానిసలు కాగితముపై స్వతంత్రులైరి. ఆ కాగితమునకును పొలమునకును నడుమ ఎంత దూరమున్నదో చూడవలెననియే ఈ ప్రయాణము.

టెక్కలిలో ముందుగా కనబడునది రాయి. పట్టణము చుట్టును నీలి గ్రానైటు గనులు కొండలను పలకలు పలకలుగా కోసివైచినవి; లారీల దుమ్ము చెట్లపై తెల్లగా పేరుకొనియున్నది. నౌపడనుండి ఈ యూరి మీదుగా పర్లాకిమిడికి 1900 సంవత్సరములో వేసిన సన్నదారి రైలు ఒకప్పుడు కొండ సరకును తీరమునకు మోసెడిది. చింతపండు, పసుపు, కొండచీపుళ్లు, అడ్డాకులు దిగివచ్చుచుండగా ఉప్పు, బట్ట, ఎండుచేపలు పైకి పోవుచుండెను. సరకుతోపాటు అప్పు కూడ పైకి పోయెను. ఆ అప్పు పోయిన దారిని పట్టుకొని పోయినగాని ఈ ప్రాంతపు చరిత్ర బోధపడదు.

బజారులో టీ దుకాణపు బల్లపై ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధుడు మాటలలో తన తండ్రి ప్రస్తావన తెచ్చెను.

"మా అయ్య కంబారోడే బాబూ. మా తాత పెళ్లికి తీసిన అప్పుకి మా అయ్య ఎల్లినాడు. ఆ అప్పెంతో మాకెవులికీ తెల్దు" అనెను.

"తీరినదా?" అని అడిగితిని.

"తీరనేదు. అయ్య సచ్చిపోనాడు, కాయితం కామందు కాడే ఉండిపోనాది."

కృష్ణా, గోదావరి మండలములలో పాలేరు అను వానినే ఈ సీమలో కంబారి యందురు. పెండ్లికో, చావుకో, కరవు యేటి తిండిగింజలకో భూస్వామి వద్ద కొంత మొత్తము తీసికొని, అది తీరువరకు అతని ఇంట ఏడాది జీతమునకు నిలుచుట ఆచారము. జీతము ధాన్యరూపమున దక్కును. ఆ ధాన్యము కడుపునకు చాలదు. చాలనిదానికి మరల అప్పు. వేకువకు ముందే పశువుల శాల ఊడ్చుటతో మొదలగు చాకిరికి రాత్రి కావలితోగాని అంతము లేదు. తండ్రి కృశించినచో కొడుకు ఆ స్థానమున నిలుచును. అంగడిలో వేలము లేదు, కాళ్లకు సంకెల లేదు, వీపుపై ముద్రయు లేదు. అయినను పుట్టబోవు బిడ్డ ఎవరి కొట్టములో పనిచేయవలెనో వాడు పుట్టకముందే నిర్ణయమై యున్నప్పుడు, కెంటకీ, జార్జియా తోటలలోని బిడ్డకును వీనికిని గల భేదమును నేను ఎంత వెదకినను చిన్నదిగానే కనబడినది.

పారిపోవుటకు ఇచ్చట ఒక దారి యుండెను. అమెరికా బానిసలు రాత్రులు నడచి ఉత్తరమునకు పారిపోయినట్లు, గంజాము సీమ కూలీలు ఓడలెక్కి రంగూనుకు పోయిరి. ఆనాడు ఈ ప్రాంతమంతయు గంజాము జిల్లాలోనిదే. 1936లో ఒరిస్సా వేరగుటతో విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యైనది. రంగూను రేవులలో బస్తాలు మోసి, ధాన్యపు మిల్లులలో పనిచేసి తెచ్చిన రూపాయలతో తండ్రి కాగితము విడిపించుకొనిన కొడుకులు ఈ గ్రామములందు ఉండిరి. 1942లో జపాను దాడితో ఆ దారి మూసికొనిపోయినది. అప్పటి నుండి ఖరగ్‌పూరు రైలు కార్ఖానాలును, జంషెడ్‌పూరు ఉక్కును, కలకత్తా జనపనార మిల్లులును ఉద్దానపు యువకులకు ఆశ్రయములైనవి.

నందిగాము మీదుగా బస్సులో పలాస చేరితిని. పలాస, కాశీబుగ్గ అను రెండూళ్లు కలిసిపోయిన ఈ పట్టణమున గాలియే జీడిగింజల వాసన. వీధివీధిని జీడిపప్పు కార్ఖానా. లోపల వరుసలు తీరి కూర్చున్న స్త్రీలు పిక్కను పగులగొట్టి, పొట్టు తీసి, గుండును బద్దను వేరు చేయుచుందురు. పెంకులోని జీడి వ్రేళ్లను కాల్చి నలుపెక్కించును. ఒక కార్ఖానా గుమ్మమున నిలిచి వారి చేతులనే చాలసేపు చూచితిని. దేశమంతట పెండ్లి పంక్తులలో వడ్డించు పప్పు ఈ నల్లని వ్రేళ్లమీదుగా పోవుచున్నదని తెలిసినవా రెందరు?

ఈ పలాస అఖిల భారత కిసాన్ సభ చరిత్రలో మరువరాని స్థలము. 1940 మార్చి నెలాఖరున ఆ సభ మహాసమ్మేళనము ఇచ్చటనే జరిగినది. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయనుని ప్రభుత్వము ముందే నిర్బంధించుటచే ఆయన రాలేకపోయెను. ఉత్తరమున హిందీ సీమలనుండియు, దక్షిణమున కృష్ణా, గుంటూరు మండలములనుండియు వచ్చిన రైతు నాయకులు ఈ చిన్న రైల్వే పట్టణమున గుమిగూడి, జమీందారీ పద్ధతి రద్దు కావలెనని తీర్మానించుచుండగా, చుట్టుప్రక్కల జమీనులలోని రైతులు కాలినడకన వచ్చి విని పోయిరి. ఈ ప్రాంతమున ఆ ప్రచారమును మోసినవారిలో బారువ గ్రామస్థుడు గౌతు లచ్చన్న ముఖ్యుడు. ఒక విషయము నన్ను ఆశ్చర్యపరచినది. అదే 1940 సంవత్సరములో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకు ఋణదాస్య నిర్మూలన నిబంధన యొకటి చేసినది. అప్పునకు బదులుగా మనిషి చాకిరిని తాకట్టు పెట్టు గొత్తి ఒప్పందములను అరికట్టుట దాని యుద్దేశము. 1843లో లేకుండపోయినదని చెప్పిన దాస్యము తొంబదియేడేండ్ల పిమ్మట మరల నిషేధింపబడవలసి వచ్చినదన్న మాట!

సమ్మేళనపు పందిళ్లు విప్పి కొలది దినములు కాకమునుపే మందసలో తుపాకులు పేలినవి. మరునాడు నేను ఆ చోటికే పోయితిని. పలాసకు ఉత్తరమున, మహేంద్రగిరి పాదముల చెంత మందస యున్నది. పాత వాసుదేవపెరుమాళ్ల ఆలయమును, జమీందారుల కోటయు ఆ యూరి గతవైభవమునకు సాక్షులు. అడవి జమీందారునిది, అడవి నానుకొని బ్రదుకువారు రైతులు. వంటచెరకునకు, నాగలికర్రకు, ఇంటి వాసమునకు సైతము పన్నుకట్టవలసిన దుస్థితిని ఎదిరించి రైతులు గుంపులుగా అడవిలో చొచ్చి కర్ర కొట్టితెచ్చిరి. నిర్బంధించుటకు పోలీసులు గుడారి రాజమణిపురమునకు వచ్చిరి. పట్టుబడినవారిని తీసికొనిపోనీయక జనము దారికి అడ్డము నిలిచినప్పుడు, ఆ జనమునకు ముందు నిలిచినది సాసుమాన గున్నమ్మ యను యువతి. 1940 ఏప్రిల్ 1వ తేదీన కాల్పులలో ఆమెయు, ఆమెతోపాటు మరికొందరు రైతులును నేలకొరగిరి. గ్రామమున ఆమె స్మారకము ఉన్నది. బడిపిల్లలు పేరు అడుగగనే "వీర గున్నమ్మ" అని ఏకకంఠముగా చెప్పిరి. ఆమె కోరినది రాజ్యము కాదు, పొయ్యిలోనికి కట్టెలు. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద వెల చెల్లించిన దేశమున, ముప్పదియేండ్లు తిరుగకముందే మరింత పెద్ద మంట లేచుటలో వింత యేమున్నది?

1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారులు పోయిరి. కాని కామందులు పోలేదు, షావుకార్లు పోలేదు, కంబారి కాగితములు పోలేదు. జమీందారునికి శిస్తు కట్టు రైతు పట్టాదారు డయ్యెను. ఆ రైతు పొలములో పనిచేయువాడు ఎప్పటి వాడే.

ఆ రాత్రి పలాస వసతిగృహమున, వెంట తెచ్చుకొనిన కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" కథను మరల చదివితిని. 1966లో వెలువడిన ఆ కథ శ్రీకాకుళపు పల్లెలోనిదే. ఒక అప్పు, దానిపై ఊరి పెద్దల విచారణ, తీర్పు ధర్మబద్ధముగానే కనబడును, ఎవరును క్రూరులుగా కనబడరు, ఋణగ్రస్తుడైన అప్పలరాముడు తలవంచి తీర్పును అంగీకరించును. కాని ఆ అప్పు తన తరువాత తన బిడ్డను గూడ కట్టివైచునని ఎరిగిన అతని కొడుకు సీతారాముడు, ఆ పసిబిడ్డను తన చేతులతోనే చంపివేయును. ఈ కథను చదివి తెలుగు పాఠకులు వణికిరి. ఇట్లు జరుగునా, జరుగదా అని ఏండ్ల తరబడి వాదించిరి. నాకు ఈ పర్యాయము అది చదువుచుండగా అమెరికా చరిత్రలోని మార్గరెట్ గార్నరు జ్ఞప్తికి వచ్చెను. 1856 జనవరిలో ఆమె భర్తతోను పిల్లలతోను కెంటకీనుండి గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి సిన్సినాటికి పారిపోయినది. యజమాని మనుష్యులు ఇల్లు చుట్టుముట్టగానే, పట్టుబడి మరల బానిసత్వమునకు పోవుటకంటె మేలని తన రెండేండ్ల కూతురిని కత్తితో చంపినది. హంతకిగా విచారింపబడవలెనని ఆమె పక్షమువారే కోరిరి; ఏలయనగా హత్యానేరము మోపుట యనగా ఆమె మనిషియని ఒప్పుకొనుట. చట్టము ఆమెను మనిషిగా విచారింపక, సొత్తుగా యజమానికి అప్పగించెను. రెండేండ్లకే ఆమె జ్వరముతో మరణించినది. ఆ యథార్థ వృత్తాంతమును ఈ కల్పనను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు, రామారావు గారు కల్పించినది కథను మాత్రమేయనియు, అందలి దుఃఖమును కాదనియు నాకు దృఢపడినది.

"యజ్ఞం" వెలువడిన మరుసటి యేడు మన్యములో నెత్తురు చిందినది. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని మొండెంఖల్లు ప్రాంతమున జాతాపు, సవర గిరిజనులు షావుకార్ల అప్పులకు పొలములను పోగొట్టుకొని, ఆ పొలములలోనే జీతగాండ్రై యుండిరి. చింతపండునకు తక్కువ ధర, ఉప్పునకు ఎక్కువ ధర, అడవి జవానులకు మామూళ్లు, పోడు కొట్టినందుకు జరిమానాలు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అను ఉపాధ్యాయులకు, అక్షరములు చెప్పుటకు పోయి, లెక్కలు చెప్పవలసి వచ్చినది: తీసినది ఎంత, కట్టినది ఎంత, ఇంకను బాకీ యేల? సత్యనారాయణ ఆ జాతుల స్త్రీలనే వివాహమాడి ఆ జనములో ఒకడైపోయెను. గిరిజన సంఘము జీతములు పెంచుమని, పొలములు తిరిగి యిమ్మని, వెట్టి మానుమని అడిగెను. కొన్ని యేండ్లు ఈ పోరాటము ఊరేగింపులతోను, సమ్మెలతోను, వినతిపత్రములతోనే సాగినదని నొక్కిచెప్పవలెను. దీనిని మొదటినుండియు తుపాకుల కథగా చెప్పువారు అన్యాయము చేయుచున్నారు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు పోవుచున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. కేసు నడచెను. మరుసటి యేడు ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలైరి. ఒక దేశమున అంతర్యుద్ధములు ఎట్లు పుట్టునో తెలియగోరువాడు ఫిరంగి పేలిన దినమునకంటె న్యాయస్థానము తీర్పు చెప్పిన దినమును శ్రద్ధగా చూడవలెను. అమెరికాలో 1857లో డ్రెడ్ స్కాట్ కేసున అత్యున్నత న్యాయస్థానము, నల్లజాతివాడు ఆ దేశపు పౌరుడు కాజాలడని తీర్పు చెప్పినప్పుడు, శాంతియుతముగా మార్పు వచ్చునని నమ్మినవారి నోళ్లు మూతపడినవి. శ్రీకాకుళమున కోరన్న, మంగన్నల కేసు ఆ పని చేసినది. 1968 నవంబరు 25న పెదగొత్తిలిలో వందలాది గిరిజనులు ఒక షావుకారు ఇంటిపై పడి ధాన్యమును, అప్పు కాగితములను చేజిక్కించుకొనిరి. ధాన్యము ఆకలికి, కాగితములు దేనికో చెప్పనక్కరలేదు. అవే దినములలో మైదానమున, సోంపేటకు చేరువనున్న గరుడభద్రలో రైతుకూలీలు భూస్వామి పొలములో పంటను కోసికొనిపోయిరి. మన్యపు మంట ఆ విధముగా ఉద్దానమునకు దిగినది.

ఉద్దానమున ఆ యుద్యమమునకు నడిబొడ్డు బొడ్డపాడు. పలాసనుండి ఆటోలో జీడితోటల నడుమగా పోయితిని. చదువుకొనిన ఊరు, బడిపంతుళ్లు, ఉద్యోగులు, దూరదేశములలో పనిచేయు యువకులు ఇంటింటను కలరు. ఊరిలో అమరుల స్తూపమున్నది. దానిపై పేర్ల వరుసను చదువుచున్నప్పుడు ఒకే ఊరివారు, ఒకే వీధివారు, ఒకే కుటుంబమువారు ఇంతమంది ఎట్లు పోయిరాయని గుండె బరువెక్కును. తామాడ గణపతి ఈ ఊరివాడు. ఉన్నతవిద్య నభ్యసించిన పంచాది కృష్ణమూర్తి ఈ ఊరివాడు. ఇచ్చటి ఆలయమున అర్చకత్వము చేయుచుండిన సుబ్బారావు పాణిగ్రాహి మాతృభాష ఒడియా. పాట కట్టినది తెలుగులో, అందునను ఈ సీమ పల్లెజనము మాటలాడు తెలుగులో. పూర్వము దేవతల కథలు చెప్పుకొను జముకును చేతబట్టి ఆయన కూలిరేట్లను, కౌలును, కంబారి బ్రదుకును కథగా చెప్పెను. చదువురాని కూలివాడు తన బాధను తన రాగములో, తన జముకుపై వినుట అదే మొదటిసారి. ఉద్దానమున వేల కరపత్రములు చేయజాలని పనిని ఆ కథలు చేసినవని ఇచ్చటి పెద్దలు ఇప్పటికిని చెప్పుకొనుచున్నారు. పట్టుపంచె కట్టి హారతి యెత్తిన చేతులే తుపాకి పట్టుటకు దారితీసిన ఆవేదన ఎంతటిదో ఊహించుటకు నాకు శక్తి చాలలేదు.

తరువాతి కథ వేగముగాను, విషాదముగాను నడచినది. 1969 ఏప్రిల్ 22న నక్సలైటుల కొత్త పార్టీ ఏర్పడినది. దాని నాయకుడు చారు మజుందారు బోధించిన వర్గశత్రు నిర్మూలన పద్ధతి ఇచ్చట ఆచరణలోనికి వచ్చెను. భూస్వాములు, వడ్డీ వ్యాపారులు హతులైరి. ప్రభుత్వము కల్లోలిత ప్రాంతముగా ప్రకటించి పోలీసు దళములను దింపెను. 1969 మే 27న కృష్ణమూర్తియు ఆరుగురు సహచరులును పోలీసు కాల్పులలో మరణించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 22న రంగమటియా కొండలలో సుబ్బారావు పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య నిర్మల, మరికొందరు నేలకూలిరి. వైద్యవిద్య ముగించి పేదల వైద్యమునకని వచ్చి అడవి చేరిన యువకుడు చాగంటి భాస్కరరావు గూడ మిగులలేదు. 1970 జులై 10న సత్యనారాయణ, కైలాసం మరణించిరి. గుణుపురము న్యాయవాది నాగభూషణ్ పట్నాయక్ ఉరిశిక్షపై అపీలు చేసికొననని నిలిచెను. ఆ శిక్ష పిమ్మట యావజ్జీవముగా మారినది. మూడేండ్లలో ముగిసిన యీ కథలో ఎదురుకాల్పులని ప్రకటింపబడినవానిలో పట్టుకొని కాల్చినవి ఎన్నో యున్నవని పౌరహక్కుల సంఘములవారు ఆనాటినుండియు చెప్పుచునే యున్నారు.

నేను ఆ యువకుల ధైర్యమునకు నమస్కరింతును. వారి మార్గమును అంగీకరింపజాలను. గరుడభద్రలో పంట కోసిన నాడు వందలమంది కొడవళ్లతో కలిసి నడచిరి. పిమ్మటి హత్యలకు పోయినది రాత్రివేళ కొలదిమంది దళము. జనము చేతి పని దళము చేతికి పోయిన నాడే ఉద్యమము ఓడినదని నా నమ్మకము. హతులైన భూస్వాముల ఇండ్లలోను తల్లులు, బిడ్డలు ఉండిరి. ఆ ఇండ్ల ఏడ్పు గూడ ఈ నేలదే. ఈ నాయకులను తలచునప్పుడు నాకు లింకను స్ఫురింపడు, బానిసత్వ విరోధియైన జాన్ బ్రౌన్ స్ఫురించును. 1859 అక్టోబరులో ఇరువదిమందికి కొంచెము మించిన అనుచరులతో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలపై పడి, బానిసలు తామై లేచి తనతో చేరుదురని ఆయన ఎదురుచూచెను. తానే ఒకప్పుడు బానిసయైన ఫ్రెడరిక్ డగ్లసు అది ఉచ్చులో కాలుపెట్టుటయని ముందే వారించెను. బ్రౌన్ పట్టుబడి డిసెంబరు 2న ఉరికంబమెక్కెను. అయినను రెండేండ్లు తిరుగకముందే ఒక ప్రభుత్వపు సైన్యమే ఆయనపై కట్టిన పాట పాడుచు దక్షిణమునకు నడచినది. ఆ సైన్యములో తుదకు ఒక లక్షా ఎనుబది వేల మంది నల్లజాతి సైనికులు చేరిరి. అచ్చట బంధితుల పక్షమున ఒక రాజ్యము నిలిచినది. ఇచ్చట రాజ్యము అప్పు కాగితము పక్షమున నిలిచినది. రెండు కథల ముగింపులలోని భేదమంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము.

రాజ్యము తుపాకితోపాటు కలమును గూడ పట్టెనని చెప్పకపోవుట న్యాయము కాదు. 1959లో గిరిజన భూముల బదలాయింపును అరికట్టుచు చేసిన నిబంధన పదేండ్లు నిద్రించినది. ఉద్యమము ఉద్ధృతముగా నున్న 1970లో దానిని సవరించి, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుని చేతిలో నున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని ముందు భావింపవలెననియు, కాదని నిరూపించు భారము గిరిజనేతరునిదే యనియు శాసించిరి. 1973లో భూపరిమితి చట్టము, 1975 అక్టోబరులో వెట్టిచాకిరి రద్దు ఆర్డినెన్సు, మరుసటి యేడు దాని చట్టము వచ్చినవి. కంబారి అప్పు ఆ శాసనముతో చెల్లనిదైనది. 1843, 1940, 1976: ఒకే దాస్యమును మూడు పర్యాయములు రద్దు చేసితిమి. మూడవ పర్యాయమునకు ముందు ఇంతమంది చావవలసి వచ్చినది.

అమెరికాలో ఈ క్రమము తలక్రిందులైనది. అచ్చట 1865లో రాజ్యాంగ సవరణతో శరీరము విముక్తమైనది గాని భూమి దక్కలేదు. ఆ సంవత్సరము జనవరిలోనే జనరల్ షెర్మను దక్షిణ కరోలినానుండి ఫ్లోరిడావరకు గల తీరపు నేలను, ఉద్దానమువంటి ఇసుకతీరమునే, కుటుంబమునకు నలుబది ఎకరములకు మించకుండ విముక్తులకు పంచుమని ఉత్తరువు చేసెను. వేలకొలది కుటుంబములు గుడిసెలు వేసికొని దుక్కి దున్ని విత్తిరి. లింకను హత్య పిమ్మట అధ్యక్షుడైన జాన్సను ఆ యేడే ఆ నేలను పాత యజమానులకు తిరిగి యిప్పించెను. విముక్తుడైన బానిస, భూమి లేక, విత్తనమునకు, కాడెద్దునకు, తిండికి ఆ యజమాని వద్దనే అప్పు తీసికొని, పంటలో పాలుపెట్టి, ఏటికేడు బాకీలో మునిగెను. అనగా వారి యుద్ధము ముగిసిన చోటనే మన కంబారి కథ మొదలగుచున్నది. ఈ సంగతి తెలిసిన పిమ్మట సంకెలను కాక అప్పు పుస్తకమును చూచుట నాకు అలవడినది.

మరునాడు సోంపేట మీదుగా బారువకు సాగితిని. సోంపేట బీలలోని తడినేలలను థర్మల్ విద్యుత్కేంద్రమున కిచ్చుటపై 2010 జులైలో జరిగిన ఆందోళనలోను, 2011 ఫిబ్రవరిలో టెక్కలి చేరువ కాకరాపల్లిలోను పోలీసు కాల్పులలో మనుష్యులు చనిపోయిరి. నేల కొరకైన తగవు ఈ తీరమున ఏ తరమునకును పాతబడలేదు. దారిపొడవునను 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను గుర్తులు. మొదలు విరిగిన కొబ్బరిమానులు కొన్ని అట్లే నిలిచియున్నవి. వాని నడుమ క్రొత్త మొక్కలు మోకాలెత్తు దాటి ఆకులు విప్పుచున్నవి. నీటి దోషమో మరి దేనివలననో తెలియక ఈ గ్రామములను మూత్రపిండముల వ్యాధి పట్టి పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి తెరచిరి. డయాలసిస్‌కు పోవుటకై బస్సుకొరకు నిలిచియున్న మధ్యవయస్కుని మొగము ఇంకను నా కన్నుల ముందున్నది. చికిత్సకై చేసిన అప్పును గూర్చి అతడు చెప్పుచుండగా, కంబారి కాలపు మాటలే వినుచున్నట్లు తోచెను. తేడా యేమనగా ఆ అప్పునకు అతని కొడుకును కట్టివేయు హక్కు నేడు ఎవనికిని లేదు. ఆ హక్కు తనంతట పోలేదని అతడు ఎరుగును.

బారువ సముద్రతీరమునకు దిగకముందు తోట గట్టున ఒక వృద్ధురాలు కొబ్బరాకులు అల్లుచు కూర్చుండియుండెను. ఆమె భర్త కంబారితనము చేసినవాడట. ఆ గొడవల కాలమున ఆమె కొత్తకోడలట. ఎమర్జెన్సీ నాటి పంపకములలో ఆమెకు అర ఎకరము ఇసుకనేలకు డి-పట్టా వచ్చినది. దానిలో పెట్టిన కొబ్బరిచెట్లు కాపునకు వచ్చి, కూతుళ్ల పెండ్లిండ్లు చేసి, తిత్లీలో పడిపోయినవి.

"మళ్లా ఎందుకు పెట్టినావమ్మా, కాపు కొచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో?" అంటిని.

"ఆరేళ్లు పడతాది బాబూ. నాను ఉంటానో నేదో. పిల్లలు తింతారు కదా" అని, పట్టా ఎవరి పేర నున్నదని నేను అడుగకముందే, "కాయితం నా పేరనే ఉంది, సూత్తావా?" అని లోనికి పోయి పెట్టె తెరచెను.